అమ్మ కూర్చునేదాకా

వేడినీటి బుగ్గల ఊరి హోటల్లో చలికి నీళ్ళు గడ్డకట్టి గొట్టాలు పగిలిపోయాయి. అందుకని ఓపల్ హచిన్స్ ఆదివారం రావలసింది శుక్రవారం మధ్యాహ్నానికే తిరిగొచ్చేసింది. ఏడు గంటల బస్సు ప్రయాణం. కుడి మోకాలు చెక్కలా బిగుసుకుపోయింది. టాక్సీ దిగి, మంచు ఎత్తిపోయని మెట్ల మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి, కాలేజీ కుర్రాళ్ళ సంఘానికి గుర్తుగా మూడు గ్రీకు అక్షరాలున్న ఆ ఇంటి తలుపు ముందు పెట్టె దించింది. కిటికీల అద్దాలకి లోపలివైపు నుంచి వార్తాపత్రికలు అంటించి ఉన్నాయి. అవి చూసి, కొత్తవాళ్ళని చేర్చుకునే ఆ వారం ఇంకా అయిపోలేదని గుర్తుచేసుకుంది.

తలుపు తీసిన కుర్రాడు ఆమెని చూసి పక్కకి తప్పుకోవడం కూడా మరిచిపోయాడు. అంతలో లోవెల్ మెట్లు దిగి వచ్చాడు. ఈ ఏడాది ఇంటి అధ్యక్షుడు అతనే. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. పెట్టె అందుకున్నాడు.

"అమ్మా, మీరు ఆదివారం కదా రావలసింది?"

"గొట్టాలు పగిలాయి నాయనా. వేడినీళ్ళ ఊళ్ళో వేడినీళ్ళు లేవు."

లోవెల్ నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా.

ఆ ఇంట్లో నలభై మంది కుర్రాళ్ళూ ఆమెని అమ్మా అనే పిలుస్తారు. ఆమె ఉద్యోగం పేరే అది. భోజనాల సంగతి చూడటం, తెగిన గుండీలు కుట్టడం, కత్తీ ఫోర్కూ ఏ చేత్తో పట్టుకోవాలో నేర్పడం, రాత్రి భోజనానికి బల్ల మొదట కూర్చోవడం. ఆమె కూర్చునేదాకా ఎవరూ కూర్చోకూడదు. ఏటా ఫిబ్రవరి చివరి వారంలో, కొత్తవాళ్ళని సంఘంలోకి తీసుకునే ముందు, ఇంటి తరఫున ఆమెని ఆ వేడినీటి బుగ్గల ఊరికి పంపిస్తారు. టికెట్టు, హోటలు గది, నలభై సంతకాలున్న కార్డు. ఆ కార్డులు ఆమె బల్ల సొరుగులో పదకొండు ఉన్నాయి.

భోజనాల గది దాటుతూ ఆగింది. బల్ల మొదట ఆమె కుర్చీ లేదు.

"నా కుర్చీ ఏదీ?"

"కాలు వదులైందమ్మా. బాగుచేయిస్తున్నాం," అన్నాడు లోవెల్.

తను లేనప్పుడు కూడా ఎవరో ఒకరు తన కుర్చీ సంగతి పట్టించుకుంటున్నారు. ఆమెకి ఆ మాట బాగుంది. గదిలోకి వెళ్ళి బూట్లు విప్పుకుంది. హోటలు తడికి పెట్టెలోని బట్టలన్నీ ముక్కవాసన వేస్తున్నాయి. వాటిని బుట్టలో వేసుకుని బట్టల మెషీన్ ఉన్న బేస్‌మెంట్ వైపు నడిచింది.

మెట్ల తలుపు దగ్గర ముక్కాలి పీట మీద ఒకడు కాపలా ఉన్నాడు. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. అలా లేవాలని నేర్పింది ఆమే.

"నేను తీసుకెళ్తానమ్మా, ఇలా ఇవ్వండి."

"నా లోబట్టలు నువ్వు ఉతుకుతావా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. తలుపుకి అడ్డంగా నిలబడాలో, ఆమె కోసం తలుపు తెరిచి పట్టుకోవాలో తేల్చుకోలేకపోయాడు. చివరికి తెరిచి పట్టుకున్నాడు.

కింద బాయిలర్ ముందు, వేలాడే బల్బు కింద, ఆమె కుర్చీ ఉంది. దాని చుట్టూ అర్ధచంద్రాకారంలో తొమ్మిదిమంది కొత్తవాళ్ళు నిలబడి ఉన్నారు. కోటు, టై, కాళ్ళకి మేజోళ్ళు మాత్రమే. కింద సిమెంటు తడిగా ఉంది. ఎవరూ మాట్లాడటంలేదు. తొమ్మిది జతల కళ్ళు ఆమె మీదే ఉన్నాయి.

"ఏమిట్రా ఇది, ఎవరైనా పోయారా?" అంది ఓపల్.

ఎవరూ నవ్వలేదు. ఎడమవైపు నుంచి మూడోవాడు వెండెల్ స్ట్రూబ్, గోధుమ పొలాల నుంచి వచ్చిన పిల్లాడు. నడినెత్తిన ఎంత దువ్వినా అణగని వెంట్రుకల కుచ్చు. మొహం ఉడికిన బంగాళాదుంపలా తెల్లగా, చెమ్మగా ఉంది. కోటు గుండీ ఒక్క దారం మీద వేలాడుతోంది.

"కూర్చోండర్రా," అంది.

ఒక్కడు కూడా కదల్లేదు. వెనక మెట్ల మీద లోవెల్ అడుగులు గబగబా దిగాయి.

"పాట నేర్చుకుంటున్నారమ్మా. రేపు ప్రమాణానికి పాడాలిగా."

ఓపల్ బుట్ట చంకన పెట్టుకుని, రెండో చేత్తో కుర్చీ వీపు పట్టుకుని ఊపింది. కాలు వదులుగా ఏమీ లేదు. ఆమె చెయ్యి కుర్చీ మీద పడగానే ఎదురుగా ఉన్న తొమ్మిది తలలూ కొంచెం పైకి లేచాయి. అది ఆమె చూసింది. మోకాలు సలుపుతోంది; ఒక్క నిమిషం కూర్చుందామా అని కూడా అనిపించింది. కానీ మెషీన్ ఖాళీగా ఉంది, బట్టలు వాసన వేస్తున్నాయి, పైగా ఈ వారంలో తనిక్కడ ఉండకూడదు. కుర్చీ వదిలేసింది.

మెషీన్లో బట్టలు వేసి, సబ్బుపొడి కొలిచి పోసి, మర తిప్పి వెనక్కొచ్చింది. పోతూ పోతూ వెండెల్ ముందు ఆగి, వేలాడుతున్న గుండీని దారంతో సహా తెంపి జేబులో వేసుకుంది.

"ఎక్కడో పారేసుకుంటావు. తర్వాత కోటు పట్టుకురా, కుట్టి ఇస్తాను."

"అలాగే అమ్మా," అన్నాడు వెండెల్. పెదాలు సరిగ్గా కదల్లేదు.

ఆమె మెట్లు ఎక్కుతుంటే వెనక ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. ఏడుపు ఆపుకున్నవాడి ఊపిరి అది. ఓపల్ ఆగలేదు. మోకాలి నొప్పితో మెట్లు ఎక్కేవాళ్ళు మధ్యలో ఆగరు, ఆగితే మళ్ళీ ఎక్కలేరు. అప్పుడామె తనకి తను చెప్పుకున్న కారణం అదే.

ఏడు గంటలకి అంబులెన్సు వచ్చింది. లోవెల్ ఆమె గది తలుపు తట్టి, "వెండెల్ మెట్ల మీద జారాడమ్మా. కంగారేం లేదు," అన్నాడు. చొక్కా మార్చుకుని వచ్చాడు.

*

శనివారం మిగిలిన ఎనిమిది మందితో ప్రమాణం జరిగింది. ఆదివారం పొద్దున కిటికీల మీది కాగితాలు పోయాయి, కుర్చీ మళ్ళీ బల్ల మొదటికి వచ్చింది. చర్చి నుంచి వచ్చాక, హాలులో కాఫ్‌మన్ ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. ఇరవై ఏళ్ళ కిందట ఇదే ఇంట్లో ఉన్న కుర్రాడు, ఇప్పుడు ఊళ్ళో బీమా ఆఫీసు నడుపుతున్నాడు, ఇంటికి పెద్దదిక్కు. కోటు మడత మీద సంఘం బిళ్ళ ఇంకా పెట్టుకుంటాడు.

"ఈ వాంగ్మూలం మంగళవారం తొమ్మిదింటికి కాలేజీ డీన్ ఆఫీసులో ఇవ్వాలి ఓపల్ గారూ. మీరేం రాయనక్కర్లేదు, నేనే టైపు చేయించాను. కింద సంతకం."

అరపేజీ. శుక్రవారం సాయంత్రం కొత్త సభ్యులు పాట సాధన చేశారు. ఇంటి అమ్మగా నేను స్వయంగా చూశాను. ఏ అవాంఛనీయమైన విషయమూ గమనించలేదు. వెండెల్ స్ట్రూబ్ ముందునుంచీ నలతగా ఉన్నాడు, మెట్ల మీద జారిపడ్డాడు.

"నేను పడటం చూడలేదుగా," అంది ఓపల్.

"చూశారని ఎక్కడుంది? మీరు చూసింది మీరు చూశారు. పాట సాధన."

"పాట వినపడలేదు."

కాఫ్‌మన్ టోపీ అంచు వేళ్ళతో తిప్పుకుంటూ కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. ఆమెకి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు పూలు పంపించాడు. "మిగతావాళ్ళు ఏం చెప్పినా డీన్ నమ్మడు. మీరు చెబితే నమ్ముతాడు. మీరు కాదంటే ఇల్లు మూసేస్తారు. నలభై మంది పిల్లలు వేరే గూళ్ళు వెతుక్కోవాలి. మీరు కూడా..." అని ఆపేశాడు. అతనికి మర్యాద తెలుసు.

ఓపల్ కాగితాన్ని మడిచి చేతిసంచిలో పెట్టుకుంది. ఈ ఇంట్లో కింది అంతస్తు గది తప్ప ఆమెకి వేరే గది ఎక్కడా లేదు. గదిలో కూర్చుని చాలాసేపు కిటికీలోంచి చూసింది. నాకు తెలీదు అనుకుంది. తెలియని దానికి సంతకం పెట్టడం అబద్ధం ఎలా అవుతుంది అనుకుంది. ఆ ఆలోచన ఎంత సాఫీగా వచ్చిందో చూసుకుని, అది ఇప్పుడు పుట్టింది కాదనీ పదకొండేళ్ళుగా లోపల వాడుకలో ఉన్నదేననీ గ్రహించింది.

*

సోమవారం పొద్దున ఆసుపత్రికి వెళ్ళింది. వెండెల్ మంచం మీద వెనక్కి వాలి ఉన్నాడు. కాళ్ళు దిండ్ల మీద ఎత్తుగా పెట్టారు. పాదాలు బూట్లలో పట్టేలా లేవు, చీలమండలు ఎక్కడున్నాయో తెలియడంలేదు. నుదుటి మీద కుట్లు. పక్కన సీసాలో ముదురు టీ రంగులో మూత్రం. కండరాలు దెబ్బతిన్నాయని, ఆ విషం కిడ్నీల మీద పడిందని నర్సు చెప్పింది. మెట్ల మీద జారితే ఇలా ఎలా అవుతుందో నాకైతే తెలీదమ్మా అని కూడా అంది, ఓపల్ మొహంలోకి చూడకుండా.

"అమ్మా, మీరెందుకొచ్చారు ఈ మంచులో," అన్నాడు వెండెల్. లేవబోయాడు.

"లేస్తే తంతాను. పడుకో."

వాడు పడుకున్నాడు. కాసేపు పొలం సంగతులు మాట్లాడారు. వాళ్ళ నాన్న రేపు వస్తాడట. ఆయనకీ జారిపడ్డాననే చెప్పాడట.

"జారావా?"

వాడు దుప్పటి అంచు మడత పెట్టాడు, విప్పాడు.

"శనివారం ప్రమాణం అయిపోయిందా అమ్మా? నేను పడ్డాక వాళ్ళు ఇంకా ఎంతసేపు నిలబడ్డారు?"

"నువ్వు పడగానే ఆపేశారట."

"అయితే నాదీ పూర్తయినట్టే." మొహంలోకి రంగొచ్చింది. "అందరితో సమానంగా నిలబడ్డాను. ముప్పై గంటలు. నా బిళ్ళ నాకు ఇవ్వాలి కదమ్మా?"

ఓపల్ కుర్చీ ముందుకి జరుపుకుంది. "ముప్పై గంటలు ఎందుకు నిలబడ్డారు?"

వాడు ఆశ్చర్యంగా చూశాడు. ఆమెకి తెలుసనే అనుకుంటున్నాడు.

"మీ కుర్చీ కదా. అమ్మ కూర్చునేదాకా ఎవరూ కూర్చోకూడదు. అదే ఆట. మీరు ఊళ్ళో ఉండరు, ఎప్పటికీ రారు. ఆఖరికి లోవెల్ మీ శాలువా కప్పుకుని వచ్చి కూర్చుంటాడు, అప్పుడు అయిపోయినట్టు. ఎప్పుడొస్తాడో చెప్పరు. అందుకే..." వాడు నవ్వబోయాడు. "మీరే మెట్లు దిగి వచ్చేసరికి మాకు మతిపోయింది. నిజమైన అమ్మే వచ్చింది, ఇంకేం అనుకున్నాం. లైల్ అయితే ఏడ్చేశాడు."

మంచం పక్కన గోడకి ఉన్న గడియారంలో ముల్లు కదులుతోంది. అరచెయ్యి కుర్చీ వీపు మీద పడినప్పటి నున్నటి స్పర్శ, ఎదురుగా తొమ్మిది తలలు లేవడం ఆమెకి మళ్ళీ వచ్చాయి. అప్పుడు మోకాలు నొప్పిగా ఉంది. కూర్చోవాలనిపించింది. కూర్చోలేదు.

"ఒక్కమాటయినా అనచ్చు కదరా."

"మాట్లాడితే మొదట్నుంచి లెక్క. అందరికీ."

కారిడార్లో భోజనం బండి చప్పుడు వచ్చింది. వెండెల్ గొంతు తగ్గించాడు.

"కాఫ్‌మన్ గారు కాగితం ఇచ్చారటగా. సంతకం పెట్టేయండమ్మా. ఇల్లు మూసేస్తే నేను ఎందులో చేరాలి? ఇంత పడ్డాక."

ఆమె సంచిలోంచి సూదీ దారం తీసింది. అలమరలో వేలాడుతున్న కోటు తెచ్చుకుని, ఒళ్ళో పరుచుకుని, జేబులోని గుండీ కుట్టడం మొదలుపెట్టింది. నాలుగుసార్లు కుట్టి, గుండీ అడుగున దారం చుట్టూ తిప్పి, పంటితో తెంపింది. ఆ పనంతా వాడు చంటిపిల్లాడిలా చూస్తూ ఉండిపోయాడు. కోటు వెనక్కి తగిలించాక, "సంతకం పెడతారు కదమ్మా?" అని మళ్ళీ అడిగాడు.

"తిను ముందు," అంది.

*

మధ్యాహ్నం మూడింటికి వంటింట్లో అమోస్ మాంసం ముక్కలకి పిండి అద్దుతున్నాడు. అరవై దాటినవాడు, ఈ వంటింట్లో పద్దెనిమిదేళ్ళ నుంచి ఉన్నాడు. ఆ వారం అతనికీ సెలవే. ఓపల్ ఎదురుగా కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతోంది. అది ఆమె పని కాదు. ఏదైనా ఆలోచించుకోవాల్సి వస్తే అక్కడికే వచ్చి కూర్చుంటుంది.

"సన్నగా చెక్కండి అమ్మగారూ. సగం దుంప తొక్కలోనే పోతోంది."

"నువ్వు మీ తమ్ముడి ఇంటికేనా వెళ్ళింది?"

"ఇంకెక్కడికి. మీకు వేడినీళ్ళు, నాకు తమ్ముడి పెళ్ళాం తిట్లు."

దుంప నీళ్ళలో వేసింది. ఇంకోటి తీసింది.

"అమోస్. ఆ కుర్చీ సంగతి నీకు తెలుసా?"

అతను చేతులు పిండిలోంచి తీయలేదు.

"ఏటా సెలవు నుంచి వచ్చాక దాని కాళ్ళకి సిమెంటు అంటుకుని ఉంటుంది. తడిగుడ్డతో తుడుస్తాను. మీరు భోజనానికి వచ్చేలోపల."

"ఎందుకు తుడుస్తావు?"

"మీ గౌను అంచుకి అంటుకుంటుంది," అన్నాడు. తర్వాత, "మీరు అడగలేదు. నేను చెప్పలేదు. బాగానే నడిచింది," అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే ఆమెకి బరువుగా అనిపించింది. నలభై మందికి ఎవరైనా పెద్దవాళ్ళు గదిలోకి వస్తే లేచి నిలబడాలని నేర్పింది తను. వంద మర్యాదలు నేర్పితే, వాళ్ళు మనసుపెట్టి నేర్చుకున్నది ఇది. తన మర్యాదని తీసుకెళ్ళి కింద బాయిలర్ ముందు పెట్టారు. తను లేకపోతేనే అది పనిచేస్తుంది. అందుకే టికెట్టు, అందుకే కార్డు. పదకొండు కార్డులు.

"సంతకం పెడతారా?" అన్నాడు అమోస్.

"వాడే పెట్టమంటున్నాడు."

"వాడు పంతొమ్మిదేళ్ళ వెధవ." పెనంలో నూనె వేశాడు. "మీకు డెబ్భై."

"అరవై ఎనిమిది."

"అయితే పెట్టేయండి, ఇంకా చిన్నపిల్లే."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వాక ఒళ్ళంతా మరింత అలిసిపోయినట్టయింది.

*

ఆరింటికి గంట కొట్టారు. లోవెల్ ఆమె తలుపు దగ్గరికి వచ్చి చెయ్యి వంచి అందించాడు. ఓపల్ అతని మోచేతి మీద చెయ్యి వేసి, చేతిసంచి రెండో చేత పట్టుకుని, మెల్లగా నడిచింది. భోజనాల గదిలో అందరూ కుర్చీల వెనక నిలబడి ఉన్నారు. కొత్తగా చేరిన ఎనిమిది మందీ కోటు మడతల మీద మెరిసే బిళ్ళలతో ఒకే వరసలో ఉన్నారు. ఆమె కుడివైపు కాఫ్‌మన్. సంతకం తీసుకుని వెళ్దామని భోజనానికి వచ్చాడు.

లోవెల్ కుర్చీ వెనక్కి లాగి, ఆమె ముందుకి రాగానే మెత్తగా జరిపాడు. కుర్చీ అంచు ఆమె మోకాళ్ళ వెనక తగిలింది.

ఆమె కూర్చోలేదు.

ముందుగా అనుకున్నది కాదు. సంచిలో కాగితం ఉంది, దాన్ని ఏం చేయాలో కూడా ఇంకా తేల్చుకోలేదు. చెక్క అంచు తగిలినప్పుడు మోకాళ్ళు వంగలేదు, అంతే. బల్ల మీదికి రెండు చేతులూ ఆనించి నిలబడింది.

లోవెల్ కుర్చీని ఇంకొంచెం జరిపాడు. "అమ్మా?"

ఆమె ఎవరి వైపూ చూడలేదు. పళ్ళేలలో మాంసం మీద గ్రేవీ ఆవిరి పోతోంది. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎవడో చిన్నగా నవ్వాడు, పక్కవాడు నవ్వకపోయేసరికి మానేశాడు. అమోస్ వంటింటి తలుపుని భుజంతో తోసి, రెండో గ్రేవీ గిన్నెతో వచ్చి, అక్కడే ఆగిపోయాడు.

"ఓపల్ గారూ, వంట చల్లారిపోతోంది," అన్నాడు కాఫ్‌మన్, నవ్వుమొహంతో.

"చల్లారనీండి."

అయిదు నిమిషాలయింది. గోడ మీద, ఏటేటా తీసిన ఇంటి ఫోటోల్లో, గుండ్రటి చట్రాల్లో వందల మొహాలు. ప్రతి దాని మధ్యలో ఒక అమ్మ. పది నిమిషాలయింది. పాత కుర్రాళ్ళు ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నారు, కుర్చీ వీపులు పట్టుకుని వాలుతున్నారు. ఆమె కళ్ళు ఆ ఎనిమిది మంది మీదికి వెళ్ళాయి. వాళ్ళు మాత్రం కదలడంలేదు. బరువు మడమల మీద వేసి, మోకాళ్ళు బిగించకుండా కొద్దిగా వదులుగా ఉంచి నిలబడ్డారు. నిలబడటం వాళ్ళకి బాగా వచ్చు.

ఆమె కుడి మోకాలులో మంట తొడ దాకా పాకింది. ముప్పై గంటలు అనుకుంది. ఇది పావుగంట.

"అమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు లోవెల్. గొంతులో మొదటిసారి కుర్రతనం వినిపించింది. "కూర్చోండమ్మా. ప్లీజ్."

అప్పుడు కుర్చీ ఒకటి నేల మీద కీచుమంది. ఎనిమిది మందిలో ఎర్రజుట్టు లైల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని పళ్ళెం వైపు చూస్తున్నాడు.

"లైల్," అన్నాడు లోవెల్. "లే."

"లేవలేను."

"అమ్మ ఇంకా కూర్చోలేదు."

"తెలుసు. ముప్పై గంటలు అదే చూశాను బ్రదర్." గొంతు పెంచలేదు. "వెండెల్ నా పక్కనే ఉన్నాడు. వాడికి కాళ్ళు తెలీడంలేదని మధ్యాహ్నమే చెప్పాడు. మాట్లాడాడని మొదట్నుంచి లెక్క పెట్టారు."

కాఫ్‌మన్ మెల్లగా లోవెల్ వైపు తిరిగాడు.

"ముప్పయ్యా?" అన్నాడు. "మా కాలంలో పన్నెండేగా."

"ఏటా కొంచెం పెరుగుతుంది బ్రదర్," అన్నాడు లోవెల్.

అనేశాక ఇద్దరూ ఆమె వైపు చూశారు. కాఫ్‌మన్ మొహం ఎర్రబడింది. అతను చేతిలోని రుమాలుని మళ్ళీ మడతపెట్టి పళ్ళెం పక్కన పెట్టాడు, అంచులు సరిచేశాడు.

ఓపల్ సంచి తీసుకుని కుర్చీ పక్కనుంచి బయటికి వచ్చింది. లైల్ వెనకగా వెళుతూ వాడి భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసింది. ఆ తర్వాత అమోస్ తెరిచి పట్టుకున్న తలుపులోంచి వంటింట్లోకి వెళ్ళింది. తలుపు వెనక రెండుసార్లు ఊగి ఆగింది.

ఉల్లిపాయల పెట్టె బోర్లించి ఉంది. దాని మీద కూర్చుంది. మోకాలు పట్టుకుని కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత సంచిలోంచి కాఫ్‌మన్ కాగితం తీసి, వెనక్కి తిప్పి, ఒళ్ళో పెట్టుకుంది.

"నీ పెన్సిలు ఇలా ఇవ్వు."

అమోస్ సరుకుల చీటీ రాసే పెన్సిలు చెవి మీంచి తీసి ఇచ్చాడు. ఆమె పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. శుక్రవారం నాలుగున్నరకి బేస్‌మెంట్‌కి వెళ్ళాను. తొమ్మిదిమంది నా కుర్చీ చుట్టూ నిలబడి ఉన్నారు. ముందురోజు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నిలబడ్డారు. నేను కూర్చుంటే వాళ్ళు కూర్చునేవాళ్ళు. నేను కూర్చోలేదు. బట్టలు ఉతుక్కుని వచ్చేశాను. దాని కింద ఇంకా ఏదో రాయబోయి, ఆలోచించి, పేరు రాసింది.

అమోస్ ఆమె భుజం మీదుగా చదివాడు.

"నా సంగతి కూడా రాయండి. తుడవడం."

"నీది నువ్వు రాసుకో."

అతను తల ఊపాడు. పొయ్యి మీది పెద్ద మూకుడు మూత తీశాడు. ఇద్దరూ చెవులు అటువైపే పెట్టారు. తలుపు అవతల నలభై మంది ఉన్నారు. అయినా కుర్చీ జరిపిన చప్పుడు లేదు, చెంచా చప్పుడు లేదు.

"ఇంకా నిలబడే ఉన్నారు," అన్నాడు అమోస్. "మీరు కూర్చున్నది వాళ్ళకి తెలీదు. వెళ్ళి చెప్పమంటారా?"

ఓపల్ ఎడమ బూటు తాడు విప్పుకుంటోంది.

"వెండెల్‌కి పళ్ళెం కట్టు ముందు. గ్రేవీ విడిగా పెట్టు, డాక్టరు తినొద్దంటే తీసేస్తాం."

అమోస్ పళ్ళెం తీసుకున్నాడు. రెండు మాంసం ముక్కలు పెట్టాడు, బంగాళాదుంప ముద్ద పక్కన పెట్టాడు, అంచు గుడ్డతో తుడిచాడు. వెండి కాగితం చింపి, పళ్ళెం మీద పరిచి, చుట్టూ అంగుళం అంగుళం నొక్కుకుంటూ వచ్చాడు. ఆ పని ఎంత నెమ్మదిగా చేయవచ్చో అంత నెమ్మదిగా చేశాడు. ఆమె తొందరపెట్టలేదు.